నిలిచిన బొమ్మ, కదిలే బొమ్మ

నాలుగు అంచుల మధ్య ఏది ఉండాలో, ఏది ఉండకూడదో, ఉన్నవాటిలో చూపరి కన్ను మొదట ఎక్కడ వాలి ఆ తర్వాత ఎటు నడవాలో నిర్ణయించే పనిని ఫోటోగ్రఫీలో కంపోజిషన్ అంటారు. చిత్రకారుడు ఖాళీ గుడ్డ ముందు నిలబడి ఒక్కొక్క రూపాన్నే చేరుస్తూ పోతాడు కాబట్టి అతని పని కూడికతో మొదలవుతుంది. ఫోటోగ్రాఫర్ ముందు లోకం అప్పటికే నిండి ఉంటుంది. కరెంటు తీగలు, గోడ మీది పోస్టర్లు, ఆరవేసిన బట్టలు, దారిన పోయే మనుషులు అడగకుండానే వచ్చి చేరతారు కనుక అతను తీసివేతతో మొదలుపెట్టక తప్పదు. ఎదుట ఉన్నవాటిని జరిపే వీలు అతనికి చాలాసార్లు ఉండదు. తాను జరగడం, వంగడం, దగ్గరికి వెళ్లడం, వెలుగు మారేదాకా ఆగడం, మీట నొక్కే క్షణాన్ని ఎంచుకోవడం మాత్రమే అతని చేతిలో ఉంటాయి. ఈ కొద్దిపాటి స్వేచ్ఛతోనే గొప్ప ఫోటోలన్నీ పుట్టాయి.

సినిమా ఛాయాగ్రాహకుడు కూడా ఇవే నాలుగు అంచులతో పనిచేస్తాడు. అయితే అతనికి కాలం, పక్క షాట్ అనే మరో రెండు విషయాలు తోడవుతాయి. కెమెరా ఒకసారి తిరగడం మొదలై ఆగేవరకు నమోదైన భాగంలో నుంచి తెర మీద తెగకుండా కనిపించే ముక్కను షాట్ అంటారు. మంచి ఫోటో తీయగలిగినవారు మంచి షాట్ కూడా తీయగలరన్న నమ్మకం బాగా పాతుకుపోయింది గాని అందులో సగమే నిజం ఉంది. ఫోటో తనలో తాను పూర్తి కావాలి, ఎందుకంటే దాని వెనకా ముందూ ఏమీ ఉండదు. షాట్ మాత్రం తన తర్వాత రాబోయే షాట్ కోసం కొంత వెలితిని మిగుల్చుకోవాలి, లేకపోతే చూపరి అక్కడే ఆగిపోయి కథ వెంట నడవడు. అందువల్ల దృశ్యకళ నేర్చుకునేవారు మొదట ఆ నిండుతనాన్ని సాధించడం, తర్వాత అవసరమైన చోట దాన్ని వదులుకోవడం నేర్చుకోవలసి ఉంటుంది. నిజానికి ఈ రెండో చదువే ఎక్కువ కష్టమైనది.

ఈ రెండు కళల చుట్టరికం వాటి ముడిసరుకులోనే ఉంది. 1890ల తొలినాళ్లలో ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ రూపొందించిన, అంచుల వెంట రంధ్రాలున్న 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ సినిమాకు ప్రామాణికమైంది. అది కెమెరాలో నిలువుగా దిగుతూ ఇంచుమించు 18 మిల్లీమీటర్ల ఎత్తు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల బొమ్మలను ఒకదాని కింద ఒకటిగా పట్టుకునేది. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో లైట్స్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ అదే సినిమా ఫిల్మ్‌ను అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును ఒక్క ఫోటోకు కేటాయించడంతో 24×36 మిల్లీమీటర్ల చట్రం ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే నమూనాగా తయారైన ఆ చిన్న కెమెరా 1925లో లైకా పేరుతో అంగడిలోకి వచ్చింది. ఈనాడు ఫుల్ ఫ్రేమ్ అని పిలిచే డిజిటల్ కెమెరాల్లోని సెన్సర్, అంటే వెలుగును గ్రహించే పలక, ఇప్పటికీ ఆ కొలతతోనే తయారవుతోంది. పెళ్లిమంటపంలో ఫోటోగ్రాఫర్ భుజాన వేలాడే కెమెరా చట్రం మూడుకు రెండు నిష్పత్తిలో ఎందుకుందని ఎవరైనా అడిగితే, దాని జవాబు సినిమా రీలులో దొరుకుతుంది.

కొడుకు తండ్రి నుంచి నేర్చుకున్నట్టు సినిమా తన తొలి పాఠాన్ని ఫోటోగ్రఫీ నుంచి నేర్చుకుంది. లియాన్ నగరంలో ఫోటో పలకల కర్మాగారం నడిపిన కుటుంబంలో పుట్టిన లూయీ లూమియేర్ స్వయంగా మంచి ఫోటోగ్రాఫర్. లా సియోటా స్టేషన్‌లోకి రైలు వచ్చే దృశ్యాన్ని ఆయన చిత్రించినప్పుడు కెమెరాను పట్టాలకు ఎదురుగానో, ప్లాట్‌ఫారానికి సమాంతరంగానో పెట్టలేదు. ప్లాట్‌ఫారం మీద పట్టాలకు దగ్గరగా ఒక పక్కన నిలిపి, రైలు చట్రంలోకి దూరం నుంచి ఏటవాలుగా వచ్చేలా చూశారు. ఏటవాలు గీత కంటికి లోతును, వేగాన్ని సూచిస్తుందన్నది చిత్రకారులకూ ఫోటోగ్రాఫర్లకూ అంతకుముందే తెలిసిన సంగతి. కొత్తదేమిటంటే, ఆ గీత వెంట రైలు నిజంగా కదిలి రావడం, దూరపు చుక్కలా మొదలైన ఇంజను చట్రాన్ని నింపేయడం, తర్వాత దిగీ ఎక్కే ప్రయాణికులు కెమెరా పక్కనుంచే సాగిపోవడం. ఎక్కడా కోత లేని ఆ నిమిషం లోపు బొమ్మలో దూరదృశ్యం, మధ్యదృశ్యం, సమీపదృశ్యం మూడూ వరుసగా వచ్చి వెళ్తాయి.

కంపోజిషన్ నేర్చుకోబోయేవారికి మొదట ఎదురయ్యే సూత్రం మూడింట ఒక వంతు నియమం. చట్రాన్ని రెండు నిలువు గీతలతో, రెండు అడ్డ గీతలతో తొమ్మిది గళ్లుగా విభజించి, ముఖ్యమైన వస్తువును ఆ గీతల మీదనో, అవి కలిసే బిందువుల దగ్గరనో ఉంచమని ఈ నియమం చెబుతుంది. సెల్‌ఫోన్ కెమెరా సెట్టింగుల్లో కనిపించే గళ్లు ఇవే. ఇంగ్లండుకు చెందిన జాన్ థామస్ స్మిత్ 1797లో గ్రామీణ దృశ్యాలను చిత్రించడం గురించి రాసిన పుస్తకంలో దీనికి ఆ పేరు పెట్టారు కాబట్టి, ఫోటోగ్రఫీ పుట్టక ముందే పుట్టిన నియమమిది. ప్రతి వస్తువునూ సరిగ్గా నడిమధ్యన పెట్టే తొలి అలవాటును వదిలించడానికి ఇది బాగా పనికొస్తుంది, అంతకు మించిన పని దీని నుంచి ఆశించకూడదు. ముఖాన్ని గీతల కూడలిలో పెట్టినంత మాత్రాన వెనక స్తంభం తల మీద మొలిచినట్టు కనబడకుండా పోదు. అంచు దగ్గర సగానికి తెగిన చేయి చూపును లాగేయకుండా ఉండదు.

గళ్లకన్నా ముందు గమనించవలసింది అంచులనే. మనిషి చూపు సహజంగా తనకు కావలసిన వస్తువు మీదే నిలిచి చుట్టూ ఉన్నదాన్ని మరిచిపోతుంది. కెమెరాకు ఆ మరపు లేదు. పాత స్టూడియోల్లో నల్లగుడ్డ కింద తల దూర్చి గరుకు గాజుపలక మీద బొమ్మను చూసిన ఫోటోగ్రాఫర్లకు ఈ విషయంలో ఒక మేలు జరిగింది. కటకం గుండా వచ్చిన బొమ్మ ఆ పలక మీద తలకిందులుగా కనిపించేది కనుక, వారికి ఫలానా మనిషి, ఫలానా ఇల్లు అన్న గుర్తింపు కొంత సడలి, నల్లనివీ తెల్లనివీ ఆకారాలు, వాటి బరువులు, వాటి మధ్య ఖాళీలు ముందుగా కంటబడేవి. ఇక్కడ బరువు అంటే తూనిక కాదు, చూపును లాగే శక్తి: చీకటి నేపథ్యంలో చిన్న తెల్లచుక్క, పచ్చని చేలో ఎర్రని చీర, ఎంత చిన్నదైనా మనిషి ముఖం, చదవగలిగే అక్షరం, ఇవన్నీ తమ పరిమాణానికి మించిన బరువు తూగుతాయి. ఆ బరువులను సర్దడానికి మిగిలే చోటు కూడా కంపోజిషన్‌లో భాగమే. పక్కకు చూసే మనిషి ముఖం ముందు కొంత ఖాళీ విడవడాన్ని చూపుకు చోటు ఇవ్వడం అంటారు, ఆ ఖాళీని అతని వీపు వెనకకు మారిస్తే అదే మనిషి ఇరుకున పడినట్టు, వెనక నుంచి ఏదో తరుముకొస్తున్నట్టు తోస్తుంది.

ఈ విద్య చిత్రకళ నుంచి ఫోటోగ్రఫీకి, ఫోటోగ్రఫీ నుంచి సినిమాకు చేతులు మారిన తీరు తెలుసుకోవడానికి పారిస్ నుంచి కలకత్తా దాకా సాగిన ఒక గొలుసును గమనించడం మంచిది. ఆంరీ కార్టియే-బ్రెసాఁ 1920ల చివర పారిస్‌లో ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర చదువుకున్నారు. బొమ్మలో కనిపించే రూపాల వెనక రేఖాగణితం ఉండాలన్నది లోత్ బోధనలోని సారం. తర్వాత లైకా చేతబట్టిన కార్టియే-బ్రెసాఁ 1932లో సాఁ-లజార్ స్టేషన్ వెనక తీసిన ఫోటోలో ఒక మనిషి నీటిమడుగు మీదుగా దూకుతూ గాలిలో ఉంటాడు, మడమ నీటిని తాకడానికి వెంట్రుకవాసి దూరం మిగిలి ఉంటుంది. అతని నీడ నీటిలో తలకిందులుగా కనబడుతుంది, వెనక గోడ మీది పోస్టర్‌లో ఒక నర్తకి అదే భంగిమలో ఎదురు దిక్కుకు దూకుతుంటుంది. తీసిన ఫోటోను తర్వాత కత్తిరించడానికి ఆయన ఒప్పుకునేవారు కాదని ప్రసిద్ధి; అయితే కంచె సందులోంచి తీసిన ఈ ఫోటోను మాత్రం ఒక పక్క కత్తిరించక తప్పలేదు. నియమం మీద అంత పట్టుదల ఉన్న కళాకారుడు కూడా అవసరమైన చోట దాన్ని దాటాడన్నది విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం.

అదే కార్టియే-బ్రెసాఁ 1930లలో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ దగ్గర సహాయకుడిగా చేరి, 1936లో చిత్రీకరించిన ‘పార్తీ ద కాంపాన్’కు, 1939 నాటి ‘లా రెగ్ల్ ద్యు జ’కు పనిచేశారు. రెన్వార్ సినిమాల్లో చట్రం ఎప్పుడూ నిండుగా ఉన్నా బిగుసుకుపోయినట్టు ఉండదు. పాత్రలు తలుపుల గుండా వచ్చిపోతుంటాయి, వెనక గదిలో మరో సంభాషణ సాగుతుంటుంది, చట్రానికి బయట కూడా లోకం ఉందని చూపరికి తెలుస్తూ ఉంటుంది. కార్టియే-బ్రెసాఁ స్వయంగా డాక్యుమెంటరీలు తీశారు, వాటిలో 1937 నాటిది స్పెయిన్ అంతర్యుద్ధ కాలపు వైద్యసేవల గురించినది. అవి విలువైనవే గాని ఆయన ఫోటోల స్థాయికి చేరలేదని చెప్పడం అన్యాయం కాదు. క్షణాన్ని శిఖరం దగ్గర పట్టుకోవడంలో సాటిలేని కన్ను, క్షణాలను వరుసగా పేర్చే పనిలో అంతే సుఖంగా ఉండాలన్న నియమం లేదు.

రెన్వార్ 1949లో ‘ది రివర్’ సినిమా కోసం స్థలాలు వెతుకుతూ కలకత్తా వచ్చినప్పుడు ఆయన వెంట తిరిగినవారిలో ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా పనిచేస్తున్న సత్యజిత్ రాయ్ ఒకరు. రాయ్ అంతకుముందు శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చిత్రకళ అభ్యసించారు. పుస్తకాలకు బొమ్మలు వేసే పనిలో భాగంగా ‘పథేర్ పాంచాలీ’ నవల సంక్షిప్త ప్రతికి కూడా బొమ్మలు గీశారు. ‘ది రివర్’ చిత్రీకరణ సాగుతున్నప్పుడు సుబ్రతా మిత్రా అనే యువకుడు రోజూ వెళ్లి, దీపాలు ఎక్కడ పెడుతున్నారో, నటులు ఎటు కదులుతున్నారో, కెమెరా ఎలా తిరుగుతోందో బొమ్మలు గీసుకుంటూ రాసుకునేవాడు, ఫోటోలు తీసేవాడు. అంతకుముందు సినిమా కెమెరా నడిపిన అనుభవం లేని ఆ యువకుణ్నే రాయ్ ‘పథేర్ పాంచాలీ’కి ఛాయాగ్రాహకుడిగా ఎంచుకున్నారు, అప్పటికి మిత్రా వయసు ఇరవై ఒకటి. ఫోటో చట్రాన్ని బాగా ఎరిగిన ఇద్దరు మనుషులు, సినిమా చట్రాన్ని పని చేస్తూ నేర్చుకున్న చరిత్రగా ఆ సినిమాను చూడవచ్చు.

1952లో మొదలైన తొలి చిత్రీకరణలో, కథలోని పిల్లవాడు అపూ రెల్లుపూల పొలంలో నడిచే దృశ్యం ఉంది. తెల్లని పూలమధ్య చిన్నపిల్లవాడు అన్న బొమ్మ ఫోటోగా అప్పటికే అందమైనది. కాని ఆ పిల్లవాడు నడవగానే అందం చెదిరిపోయింది, ఎందుకంటే దేన్నో వెతుకుతూ ఆగి ఆగి నడిచే నడక అతనికి రాలేదు. రాయ్ అతని దారిలో చిన్నచిన్న అడ్డంకులు పెట్టించి, వాటిని దాటుతూ నడవమన్నారు; సహాయకులు ఇరువైపులా దాగి ఉండి వేర్వేరు క్షణాల్లో పిలిస్తే అటూ ఇటూ తల తిప్పమన్నారు. ఇక్కడ దర్శకుడు అమర్చింది వస్తువులను కాదు, కాలాన్ని: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు తల తిరగాలి, ఎప్పుడు మళ్లీ అడుగు పడాలి అన్నవి ఆ షాట్‌లో గీతలూ రంగులంతటి కంపోజిషన్ అంశాలే. అదే సినిమాలో మిఠాయిలమ్మే మనిషి కావడితో ముందు నడుస్తుంటే అతని వెనక అపూ అక్క దుర్గ, ఆమె వెనక అపూ, అందరి వెనకా కుక్క సాగిపోయే దృశ్యం చెరువు నీటిలో ప్రతిబింబంగా కనిపిస్తుంది. ఆ వరుసలో ఏ ఒక్క క్షణాన్ని ఆపి చూసినా మంచి ఫోటోయే. కాని మిఠాయి కొనే స్థోమత లేని పిల్లల ఆశ ఆ నడక లయలో ఉంది కనుక, ఆపిన మరుక్షణం దాని అర్థంలో సగం పోతుంది.

వెలుగు కూడా కంపోజిషన్‌లో భాగమేనని రుజువు చేసిన సందర్భం రాయ్, మిత్రాలే కలిసి పనిచేసిన 1956 నాటి ‘అపరాజితో’లో వచ్చింది. కాశీలోని ఇంటి నడవాకు, దాని నడుమ ఆకాశం కనిపించే ముంగిలికి సెట్‌ను కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా కలకత్తా స్టూడియోలో నిర్మించారు. అలాంటి ఇళ్లలో వెలుగు పై నుంచి మెత్తగా దిగి అన్ని మూలలకూ పాకుతుంది, దానికి పదునైన నీడలు ఉండవు. స్టూడియో దీపాలను నేరుగా వేస్తే మాత్రం ఒక్కొక్క మనిషికి రెండు మూడు నీడలు గోడల మీద పడి, ఆ నీడలే చట్రంలో అనవసరపు ఆకారాలై కూర్చుంటాయి. మిత్రా ముంగిలి మీదుగా తెల్లని గుడ్డ కట్టించి, దీపాలను దానివైపు తిప్పి, అక్కడి నుంచి ప్రతిఫలించిన వెలుగుతోనే దృశ్యాన్ని నింపారు. బౌన్స్ లైటింగ్ అని ఈనాడు అంటున్నది ఈ పద్ధతినే. ఎక్కడ చూపు నిలవాలో, ఎక్కడ నిలవకూడదో కెమెరా స్థానం ఎంత నిర్ణయిస్తుందో, నీడ ఎక్కడ పడుతుందన్నది కూడా అంతే నిర్ణయిస్తుంది. సెల్‌ఫోన్‌తో ఇంట్లో ఫోటో తీసేవారు సైతం ఫ్లాష్ వాడకుండా, మనిషిని కిటికీ పక్కకు జరిపి, ఎదుట తెల్లని దుప్పటి పట్టుకుంటే ఆ సూత్రాన్ని కళ్లారా చూడవచ్చు.

షాట్ మిగుల్చుకోవలసిన వెలితి రెండు విధాలుగా ఏర్పడుతుంది. ఒకటి చట్రం లోపలే లోతుగా ఏర్పడేది. ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన ‘సిటిజన్ కేన్’లో, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ దగ్గరా దూరమూ రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించే డీప్ ఫోకస్ పద్ధతిని వాడి చిత్రించిన ఒక దృశ్యంలో, ముందుభాగాన తల్లి బల్ల దగ్గర కూర్చుని కొడుకును పరాయివారి సంరక్షణకు అప్పగించే కాగితాల మీద సంతకం చేస్తుంది, మధ్యభాగాన తండ్రి నిస్సహాయంగా అభ్యంతరం చెబుతుంటాడు, అందరికన్నా వెనక కిటికీ చట్రంలో చిన్నవాడు ఏమీ తెలియక మంచులో ఆడుకుంటుంటాడు. ముగ్గురూ ఒకే బొమ్మలో ఉన్నారు కాబట్టి దర్శకుడు చూపును తెంచి చూపించనక్కర్లేదు. ఆ పిల్లవాడి వైపు ఎప్పుడు చూడాలన్నది ప్రేక్షకుడే నిర్ణయించుకుంటాడు. ముందు, నడుమ, వెనక అనే మూడు పొరలను విడివిడిగా గుర్తించి, ఒక పొరలోని ఆకారం మరో పొరలోని ఆకారాన్ని మింగకుండా చూసుకోవడం ఫోటోగ్రఫీలో నేర్చుకునే పాఠమే. రెండో విధం షాట్లను పక్కపక్కన పెట్టడం వల్ల ఏర్పడేది, అది ఫోటోగ్రఫీలో దొరకదు. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసినట్టు చెప్పే ప్రసిద్ధ ప్రయోగంలో, ఏ భావమూ లేని ఒకే నటుడి ముఖాన్ని వేర్వేరు షాట్ల పక్కన అతికిస్తే ప్రేక్షకులకు వేర్వేరు భావాలు కనిపించాయి. అలాంటప్పుడు ముఖాన్ని చిత్రించే షాట్‌లోనే దుఃఖమంతా నింపేస్తే, పక్క షాట్ చెప్పడానికి ఏమీ మిగలదు.

ఇందుకే సినిమాలో కొన్ని కట్టుబాట్లు వచ్చాయి, అవి ఫోటోగ్రాఫర్లకు మొదట వింతగా తోస్తాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వారి మధ్య ఊహించుకునే గీతకు కెమెరా ఒకే పక్క ఉండాలి, లేకపోతే ఒక షాట్‌లో కుడికి చూసిన మనిషి తర్వాతి షాట్‌లో ఎడమకు చూస్తున్నట్టు కనబడి ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్న భ్రమ కలుగుతుంది. దీన్ని 180 డిగ్రీల నియమం అంటారు. ఇది కూడా ఉల్లంఘించరానిదేమీ కాదు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు తన సినిమాల్లో కెమెరాను చాప మీద కూర్చున్నవారి కంటి ఎత్తుకన్నా కిందికి దించి, ఎక్కువగా 50 మిల్లీమీటర్ల కటకంతోనే చిత్రించారు. ఆ గీతను తరచూ దాటారు కూడా. అయినా ప్రేక్షకుడు దారి తప్పడు, ఎందుకంటే ఒక షాట్‌లో ముఖం చట్రంలో ఎక్కడుందో, ఎంత పెద్దదిగా ఉందో తర్వాతి షాట్‌లో ఎదుటి మనిషి ముఖం కూడా ఇంచుమించు అక్కడే, అంతే ఉంటుంది. కన్నుకు దిక్కు మారినా చోటు మారదు. 1953 నాటి ‘టోక్యో స్టోరీ’ని ధ్వని ఆపి ఒక పావుగంట చూస్తే ఈ సంగతి ఏ పుస్తకం చెప్పినదానికన్నా బాగా బోధపడుతుంది.

తెలుగు తెర మీద ఈ బంధం మొదటినుంచీ కనిపిస్తుంది. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ సినిమాల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ సినిమాలకు రాకముందు పత్రికా ఫోటోగ్రాఫర్‌గా, వార్తాచిత్రాల కెమెరామన్‌గా పనిచేశారు. 1957 నాటి ‘మాయాబజార్’లో వెన్నెల పడవ పాటను నేటి విద్యార్థి బొమ్మ పక్కన బొమ్మగా పరిశీలిస్తే, నలుపు తెలుపుల్లోనే నీటి మెరుపు, ఆకుల నీడ, ముఖాల మీది మెత్తని వెలుగు అనే మూడు స్థాయిలు ఎక్కడా కలిసిపోకుండా నిలబడటం, పడవ ఎటు కదిలినా ముఖాలు వెనకటి చీకటి నుంచి విడివడి కనిపించడం గమనించవచ్చు. చిత్రకారుడిగా తెలుగు పాఠకుల ఇళ్లన్నిటా పరిచయమైన బాపు, 1967లో ‘సాక్షి’తో దర్శకుడైనప్పుడు సన్నివేశాలను ముందుగా బొమ్మలుగా గీసుకుని చిత్రీకరణకు వెళ్లారు, గోదావరి తీరాన పులిదిండిలో నలుపు తెలుపుల్లో తీసిన ఆ సినిమాలో పల్లె ఇళ్ల వాకిళ్లు, అరుగులు, గుమ్మాలు పాత్రలను చట్రంలో మరో చట్రంగా పట్టుకుంటాయి. షాట్లను వరుసగా బొమ్మలు వేసుకోవడాన్ని స్టోరీబోర్డ్ అంటారు. 1975లో ఆయన తీసిన ‘ముత్యాలముగ్గు’కు ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణం జాతీయ పురస్కారం పొందింది. గీత గీసే చేతి నుంచి వచ్చిన దర్శకుడికి చట్రంలో ఖాళీ విలువ తెలుసునని బాపు సినిమాల్లోని సమీపదృశ్యాలు ఒక్కొక్కటీ చెబుతాయి.

చట్రం ఆకారం మారినప్పుడల్లా ఈ విద్యను కొంత మళ్లీ నేర్చుకోవలసి వస్తుంది. 1932లో హాలీవుడ్ ప్రామాణికం చేసిన 1.37కు 1 నిష్పత్తి గల తెర ఇంచుమించు చతురస్రానికి దగ్గరగా ఉండి మనిషి నిలువు ఆకారానికి ఒదిగేది. ‘మాయాబజార్’, ‘పథేర్ పాంచాలీ’ ఆ కాలానికి చెందినవి. 1953లో అమెరికాలో వచ్చిన సినిమాస్కోప్ పద్ధతిలో ప్రత్యేక కటకం బొమ్మను అడ్డంగా నొక్కి ఫిల్మ్ మీద పట్టుకుంటే, ప్రదర్శన యంత్రం మీది కటకం దాన్ని మళ్లీ విప్పి ఎత్తుకు రెండింతలకు పైగా వెడల్పు గల తెరను నింపుతుంది. 1974లో వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంతో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అంత వెడల్పు చట్రంలో కొండల వరుసలు, జనసమూహాలు గొప్పగా ఒదుగుతాయి. ఒక్క ముఖాన్ని పెడితే మాత్రం పక్కన పెద్ద ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని నింపడమా, దానికే అర్థం కల్పించడమా అన్నది ఛాయాగ్రాహకుడి ముందు నిలిచే ప్రశ్న. నిలువు సెల్‌ఫోన్ వీడియోలో సమస్య సరిగ్గా తిరగబడి, ఒక్క మనిషి సులభంగా ఇమిడి ఇద్దరు పక్కపక్కన నిలబడటమే కష్టమవుతోంది. ఒకే షాట్‌ను అడ్డంగానూ నిలువుగానూ వాడుకోవాలని రెండింటికీ సరిపడేలా నడిమధ్యన అన్నీ కుక్కే అలవాటు ఇప్పుడు పెరుగుతోంది. దానివల్ల రెండు చట్రాలూ నష్టపోతున్నాయి.

ఫోటో నుంచి సినిమాకు వెళ్లే దారిలో వంతెనలాంటిది ఫోటో వ్యాసం, అంటే ఒకే విషయం మీద తీసిన ఫోటోలను పత్రిక పుటల్లో ఒక వరుసలో పేర్చడం. దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ యవ్వనంలో అమెరికాలోని ‘లుక్’ పత్రికకు ఫోటోగ్రాఫర్‌గా పనిచేస్తూ 1949లో వాల్టర్ కార్టియర్ అనే బాక్సర్ మీద అలాంటి వ్యాసం చేశారు. ఆ మనిషి మీదనే 1951లో తన తొలి డాక్యుమెంటరీ ‘డే ఆఫ్ ది ఫైట్’ తీశారు. ఫ్రాన్స్‌లో నాటక సంస్థకు ఫోటోగ్రాఫర్‌గా ఉన్న ఆన్యెస్ వార్దా కూడా అలాగే 1955లో ‘లా ప్వాంత్ కూర్త్’తో దర్శకురాలయ్యారు. ఈ వంతెన మీద వెనక్కి నడిచి చూపించినది క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’. దాదాపు అరగంట నిడివి గల ఆ సినిమా ఇంచుమించు పూర్తిగా నిశ్చల ఫోటోలతో సాగుతుంది, ఒకే ఒక్క చోట నిద్రపోతున్న స్త్రీ కళ్లు తెరిచే కదలిక వస్తుంది. అంతవరకు కదలిక లేకపోవడం వల్లనే ఆ చిన్న కదలికకు అంత బలం వచ్చింది. ఫోటోలు వరుసలో పడితే వాటి మధ్య కాలం తనంతట తానే పుడుతుందని ఇంతకన్నా తేటగా చూపిన సినిమా మరొకటి లేదు.

నేర్చుకునేవారు ఈ వరుస నుంచే తమ అభ్యాసాన్ని ఏర్పరచుకోవచ్చు, దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. జూమ్ వాడకుండా ఒకే కటకంతో, ఒకే చోటుకు, అది రైతుబజారు కావచ్చు, బస్టాండు కావచ్చు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి తీస్తే కాళ్లు కదపడమూ వెలుగు కోసం ఆగడమూ అలవాటవుతాయి. సినిమాలను ఆపి ఆపి చూడటం మంచి పద్ధతే, కాని ఒక జాగ్రత్త అవసరం. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు పడుతుంది, ఒక్కొక్క బొమ్మకు వెలుగు తగిలే వ్యవధి సాధారణంగా 1/48 సెకను ఉంటుంది కనుక, కదిలే చేయి ప్రతి బొమ్మలోనూ కొద్దిగా చెదిరే ఉంటుంది. ఆ చెదురే తెర మీద కదలికను సాఫీగా చేస్తుంది. ఫోటోగ్రాఫర్ 1/500 సెకనులో నిలిపిన చేతితో దాన్ని పోల్చి లోపమనుకోకూడదు. ఆపిన బొమ్మను ఎంతసేపు చూసినా, ఆ షాట్ మొదలైన చోటును, ముగిసిన చోటును, దానికి ముందూ వెనకా ఉన్న షాట్లను కూడా చిన్న పెట్టెలుగా కాగితం మీద గీసుకుంటేనే అసలు విషయం తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంట్లో జరిగే చిన్న పనిని, ఉదాహరణకు గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టడాన్ని, ఎనిమిది ఫోటోల్లో మాటల సాయం లేకుండా చెప్పడానికి ప్రయత్నించాలి. విషయం తెలియని వ్యక్తికి వాటిని వరుసగా చూపించి, ఏం జరిగిందో చెప్పమని అడగాలి. అతను తడబడిన చోట ఒక ఫోటో చాలలేదని, విసుగుపడిన చోట ఒక ఫోటో ఎక్కువైందని అర్థం. విడివిడిగా చూసినప్పుడు అన్నిటికన్నా అందంగా ఉన్న ఫోటోనే చాలాసార్లు తీసేయవలసి వస్తుంది, ఎందుకంటే అది చూపును తన దగ్గరే ఆపేసుకుని తర్వాతి ఫోటోకు పంపదు. దాన్ని విడిగా దాచుకుని, ఆ స్థానంలో చేతులు మాత్రమే కనిపించే సాదా ఫోటో ఒకటి పెట్టి, వరుసను మరొకరికి చూపించి తేడా గమనించాలి.